సూర్యుడికి మచ్చ లేని ఏడు

2008 అక్టోబర్ 22 పొద్దున మా కోవూరు ఇంటి మిద్దెమీద నాయనా నేనూ చంద్రయాన్-1 కోసం దక్షిణం వైపే చూస్తా నిలబడ్డాం. 6:22కి లేచింది. మబ్బు పట్టి ఉంది, ఎర్రటి వెలుగు కాసేపు కనబడి అందులోకి దూరిపోయింది. శ్రీహరికోట అప్పుడు మా నెల్లూరు జిల్లానే. 2022లో తిరుపతి జిల్లాలో కలిపేశారు, నాకింకా మనసొప్పదు.

చంద్రయాన్-1లో రాడమ్ అని 160 గ్రాముల బల్గేరియా పరికరం ఒకటి వెళ్లింది, రేడియేషన్ కొలవడానికి. మొదటి కక్ష్య 255 కిలోమీటర్ల నుంచి 22,860 దాకా కాబట్టి తిరిగిన ప్రతిసారీ వాన్ అలెన్ పట్టీలు రెండింట్లోకీ పోయి రావాల్సిందే. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని, ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య అటూ ఇటూ కొట్టుకుంటా భూమి చుట్టూ తిరిగే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లే ఆ పట్టీలు. 1958లో కనిపెట్టారు.

చంద్రయాన్ లేచిన 2008లో 266 రోజులు సూర్యుడి మీద ఒక్క మచ్చ కూడా లేదు. మచ్చలు లేవంటే సూర్యుడు నెమ్మదిగా ఉన్నట్టు. "సూర్యుడు నెమ్మదిగా ఉంటే ఆ పట్టీలూ ఎండిపోవాలి కదబ్బయా?" అన్నాడు నాయన, నేను ఇదంతా చెప్తే. సగం నిజమే. బయటి పట్టీ మా కాలవ కింద మడి లాంటిది. సోమశిల నీళ్లు వదిలితే నిండుతుంది, వదలకపోతే ఇంకిపోతుంది. సౌర తుఫాన్లు లేని రోజుల్లో, భూమి చుట్టూ ఉండే చల్లటి ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువు, బయటికి వ్యాపిస్తుంది. అందులో పుట్టే రేడియో తరంగాలు, స్పీకర్‌కి కలిపితే పాము బుస కొట్టినట్టు వినిపించేవి, ఎలక్ట్రాన్లను దారి తప్పించి కొంచెం కొంచెంగా వాతావరణంలో పడేస్తాయి. 2009లో ఆ పట్టీ బాగా పలచబడింది.

లోపలి పట్టీ అట్లా కాదు, అది ఊటబావి. "ఊట ఎక్కణ్ణించి?" అన్నాడు వెంటనే. నాకిష్టమైన సంగతి అదే. నక్షత్రాల మధ్య నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు, అంటే మహా వేగంగా దూసుకొచ్చే కణాలు, మన గాలిని గుద్దితే న్యూట్రాన్లు పైకి ఎగురుతాయి, వాటికి అయస్కాంతం అడ్డు కాదు. విడి న్యూట్రాన్ సగటున పావుగంటే బతుకుతుంది. కొన్ని దారిలోనే విరిగిపోయి ప్రోటాన్లవుతాయి, అవి ఆ క్షణమే చిక్కుకుంటాయి. సూర్యుడు ఊరుకుంటే కాస్మిక్ కిరణాలకు సూర్యుడి అయస్కాంత క్షేత్రం వేసే అడ్డు తగ్గి ఊట పెరుగుతుంది. పైగాలి కూడా చల్లబడి ముడుచుకుంటుంది, ప్రోటాన్లు దానికి గుద్దుకుని పోవడం తగ్గుతుంది. మచ్చల్లేని ఏళ్లలో ఈ బావి మట్టం పెరిగేది అందుకే.

కొన్ని ప్రోటాన్లు దశాబ్దాలు కూడా నిలుస్తాయి. ఆ పొద్దున రాడమ్ పక్కనుంచి పోయినవాటిలో కొన్ని ఇంకా అక్కడే ఉండొచ్చని మొన్న ఫోన్లో చెప్తే, నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మిద్దెక్కి చూస్తా ఉండు" అన్నాడు.