రామప్ప ఇటుకలో ఉన్నది మాయ కాదు, గాలి

రామప్ప గుడి మీద ఏ వీడియో తెరిచినా "సైన్స్‌కే అంతుపట్టని మిస్టరీ" అంటూ మొదలుపెడతారు. అది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో, 1213లో, రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. దాని విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయన్నది నిజమే, కానీ మిస్టరీ అనేసి చేతులు దులుపుకుంటే ఆ ఇటుకలు కాల్చిన మనుషుల తెలివి ఎవరికీ కనపడకుండా పోతుంది. వాళ్లు చేసిన పని తెలియాలంటే ముందు కట్టె ఎందుకు తేలుతుందో తెలియాలి.

తేలికగా ఉంటుంది కాబట్టి తేలుతుంది అంటారు. మరి నలుగురు పట్టినా లేవని ఎండు టేకు దుంగను చెరువులో దొర్లిస్తే తేలుతుంది, గులకరాయి వేస్తే బుడుంగున మునుగుతుంది! వస్తువు ఎంత బరువుందని చూస్తే లాభం లేదు, అంతే చోటు పట్టే నీళ్ల బరువెంతో చూడాలి. నీళ్లలో దిగిన వస్తువు కొన్ని నీళ్లను పక్కకు జరుపుతుంది, ఆ జరిగిన నీళ్ల బరువెంతో అంత బలంతో నీళ్లు దాన్ని పైకి నెడతాయి. ఆర్కిమెడిస్ 2,200 ఏళ్ల కింద చెప్పింది ఇదే.

మామూలు ఇటుకతో లెక్క వేద్దాం. 9 అంగుళాల పొడవు, 4 వెడల్పు, 3 మందం అంటే సుమారు 1.77 లీటర్ల చోటు. లీటరు నీళ్లు కిలో కాబట్టి, ఇటుక పూర్తిగా మునిగినా దాన్ని నీళ్లు 1.77 కిలోల మేరకే మోయగలవు. ఇటుకేమో 3 కిలోల దాకా తూగుతుంది. మునగక ఏం చేస్తుంది? రామప్ప ఇటుక సాంద్రత, నీళ్లది 1 అనుకుంటే, 0.85 నుంచి 0.9, అంటే అదే సైజులో చేస్తే కిలోన్నర, మహా అయితే కిలో ఆరొందల గ్రాములు. అందుకే తేలుతుంది, అదీ ఒళ్లంతా నీళ్లలో ఉంచి పైన పదో వంతో ఇంకాస్తో కనిపిస్తూ.

ఇక కట్టె సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. కట్టెలోని ఖాళీలన్నీ తీసేసి ఒట్టి పదార్థాన్ని తూచితే, అది నీళ్లకు ఒకటిన్నర రెట్లు బరువు. కట్టె కూడా మునిగే సరుకే! వడ్రంగి దగ్గర టేకు ముక్కను అడ్డంగా కోయించి, కోసిన చోట పదునైన ఉలితో నున్నగా చేయించి వెలుతురులో చూడండి, వలయాల వెంట సూదితో పొడిచినట్టు రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. చెట్టు బతికున్నప్పుడు వేర్ల నుంచి ఆకులకు నీళ్లు ఎక్కిన గొట్టాలవి. ఎండేకొద్దీ నీళ్లు పోయి గాలి చేరింది. కంటికి ఆనని గదులు ఇంకా లక్షల్లో ఉంటాయి, వాటిలోనూ గాలే. ఎర్రచందనం చేవలో ఈ ఖాళీ చాలా తక్కువ, అందుకే అది కట్టె అయ్యుండీ మునుగుతుంది. బర్మాలో టేకు చెట్టును వెంటనే నరికేవాళ్లు కాదు, మొదలు చుట్టూ బెరడు, దాని కింది తెల్లచెక్క గాటు పెట్టి, నిలబడ్డ చెట్టును నిలబడ్డట్టే రెండు మూడేళ్లు ఎండనిచ్చి అప్పుడు కొట్టి నదిలో వదిలేవాళ్లు. పచ్చి దుంగైతే మునిగిపోతుందని వాళ్లకు తెలుసు.

చెట్టు చేసిన ఈ పనినే మనవాళ్లు మట్టితో చేశారు. మట్టిలో ఊక, తుమ్మ చెక్క, కరక్కాయ కలిపారని చెబుతారు. ఏం కలిపినా సూత్రం ఒకటే, కాలే వస్తువు మంటలో కాలిపోతే అది ఉన్న చోటు ఖాళీగా మిగిలిపోతుంది. ఇటుక గుల్లబారాలి, అయినా పొడి రాలకుండా విమానం బరువు మోయాలి, ఈ రెండూ ఒకేసారి కుదర్చడం మాత్రం మామూలు విషయం కాదు.

నీళ్లలో తేలాలని వాళ్లు చేసి ఉండరు, గుడి పైన ఇటుక తేలాల్సిన పనేముంది? పునాదిలో ఇసుక నింపారు, దాని మీద ఎర్ర ఇసుకరాయి గోడలు, నల్లరాయి స్తంభాలు, ఇంత బరువు మీద విమానం కూడా రాతిదే అయితే భారం ఎక్కడికి పోవాలి? పైన తేలిక చేశారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కూడా ఈ తేలిక ఇటుకల గురించి ప్రత్యేకంగా రాశారు.

రంధ్రాలుంటే నీళ్లు దూరవా అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. దూరతాయి. పైకి తెరుచుకున్న రంధ్రాల్లోకి మెల్లగా దూరతాయి, లోపల మూసుకుపోయిన వాటిలోకి మాత్రం పోలేవు, ఎంతసేపు తేలుతుందన్నది అవి ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కట్టెదీ ఇదే కథ. ఏళ్ల తరబడి చెరువులో నానిన మొద్దు గాలి పోగొట్టుకుని అడుగుకు చేరుతుంది, తీసి బాగా ఎండబెట్టి వేస్తే మళ్లీ తేలుతుంది.