వెన్న వాసన పీపాది కాదు

ఓక్ చెక్క పీపాలో ఉంచిన షార్డొనే అనే తెల్ల వైన్‌ని ముక్కు దగ్గర పెట్టుకోగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఓక్ బాగా పట్టింది, వెన్న వాసన వస్తోంది." ఆ వెన్నకీ ఓక్‌కీ సంబంధం లేదు. అది డయాసిటైల్ అనే పదార్థపు వాసన, ఇంట్లో చిలికిన వెన్నలో ఉండేదీ అదే. ద్రాక్షలోని మాలిక్ ఆమ్లం పచ్చి యాపిల్ కొరికినట్టు పుల్లగా ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని మజ్జిగ పులుపులాంటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ పనిలోనే వైన్‌లోని సిట్రిక్ ఆమ్లం నుంచి డయాసిటైల్ పుడుతుంది. ఈ మార్పుని మాలోలాక్టిక్ అంటారు. స్టీలు ట్యాంకులోనూ ఇది జరుగుతుంది. షార్డొనేలో లీటరుకి 0.2 మిల్లీగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది.

తిరగేసి చూసినా అంతే. 1976 మే 24న పారిస్‌లో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు వైన్ల పక్కన పెట్టి రుచి చూసినప్పుడు, తెల్ల వైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియాకి చెందిన శాటో మాంటెలీనా 1973 షార్డొనేకి దక్కింది. ఆ వైనరీ పద్ధతిలో ఓక్ పీపా ఉంటుంది, మాలోలాక్టిక్ మాత్రం జరగనివ్వరు. పీపా ఉంది, వెన్న లేదు.

కాబట్టి ఇలాంటి వైన్‌ని అంచనా వేయడమంటే ఏది పండుది, ఏది పులియబెట్టడం వల్ల వచ్చింది, ఏది చెక్కది అని వేరు చేసుకోవడమే. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పండు ఈ చెక్క బరువు మోయగలదా?

ముందు గ్లాసు, చలి సంగతి. అంచు లోపలికి వంగిన గ్లాసు కావాలి. రుచి చూడడానికి అంతర్జాతీయ ప్రమాణంగా వాడే ఐఎస్ఓ గ్లాసు 215 మిల్లీలీటర్లది, అందులో 50 మిల్లీలీటర్లు పోస్తే చాలు. వైన్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంటి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా 4, 5 డిగ్రీల మీద ఉంటుంది. ఆ చలికి వాసన ముడుచుకుపోతుంది, పులుపూ చెక్క వగరూ మాత్రం నాలుకని గీరుతాయి. "ఈ వైన్‌లో ఏమీ లేదు, చేదుగా ఉంది" అనిపించే సందర్భాల్లో చాలావాటికి తప్పు ఫ్రిజ్‌దే. మరీ వేడెక్కినా కష్టమే. 16 దాటితే ఆల్కహాల్ ఘాటు ముందుకొచ్చి మిగతావన్నీ కప్పేస్తుంది. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో గ్లాసు ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే కొద్దికొద్దిగా పోసుకుని సీసాని మళ్లీ చల్లటి చోట పెట్టాలి. వంటింటి థర్మామీటరు ఉంటే వాడండి, సిగ్గుపడాల్సిన పనేం కాదు. అగరొత్తులు, పోపు వాసన, సెంటు దగ్గర్లో ఉండకూడదు. ఊరగాయ తిన్న నోటితో కూర్చోవద్దు. మధ్యమధ్య నోరు సరిచేసుకోవడానికి మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు చాలు.

రంగు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, ఒక్క విషయం తప్ప. పీపాలో పెట్టారంటే బంగారు రంగే ఉండాలనుకుంటారు. నిజానికి పీపాలోనే పులియబెట్టి, పులిశాక అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీదే ఉంచిన వైన్ రంగు తేలిగ్గా ఉంటుంది. ట్యాంకులో పులియబెట్టి, మడ్డి తీసేశాక పీపాలోకి మార్చిందే ఎక్కువ పచ్చబడుతుంది. మడ్డి రంగునీ చెక్కలోంచి దిగే పదార్థాలనీ తనమీదికి లాక్కుంటుంది మరి. వాసనలోనూ ఈ తేడా కనిపిస్తుంది. పీపాలో పులిసేటప్పుడు ఈస్ట్, చెక్కలోంచి వచ్చి వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌లో కొంత భాగాన్ని వాసన లేని రూపంలోకి మార్చేస్తుంది, అందుకే అలాంటి వైన్‌లో చెక్క పండుతో కలిసిపోయి ఉంటుంది. రెండో పద్ధతిలో చెక్క కాస్త విడిగా, పైన పూసినట్టు తగులుతుంది.

ఇప్పుడు ముక్కు. గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి. మొదట పండు వెతకండి. శాబ్లీలాంటి చల్లటి చోటిదైతే పచ్చి యాపిల్, నిమ్మతొక్క. బర్గండీలోని మెర్సో వైపు వస్తే పియర్, పీచ్. వెచ్చటి కాలిఫోర్నియాకి వెళితే అనాస, మాగిన అరటి. తర్వాత పులియబెట్టడం నుంచి వచ్చినవి: వెన్న, మీగడ, బ్రెడ్డు పిండి. పీపా అడుగున చేరిన మడ్డిని కర్రతో కలియబెడతారు, బర్గండీలో దాన్ని బాతొనాజ్ అంటారు. దానివల్ల నోట్లో చిక్కదనం పెరుగుతుంది. విచిత్రమేమిటంటే ఈ మడ్డే డయాసిటైల్‌ని తినేస్తుంది. మాలోలాక్టిక్ పూర్తిగా జరిగినా వెన్న వాసన రాని మెర్సోలు ఉండడానికి అదొక కారణం.

చివరగా చెక్క. వెనిల్లా, లవంగం, కొబ్బరి, పొగ చెక్కవి. అమెరికన్ ఓక్‌లో కొబ్బరి వాసననిచ్చే లాక్టోన్ ఎక్కువ, ఫ్రెంచి ఓక్‌లో తక్కువ. పీపా తయారీలో లోపలి వైపు నిప్పుతో కాలుస్తారు. ఓ మోస్తరుగా కాలిస్తే వెనిలిన్ పెరుగుతుంది, బాగా మాడ్చేస్తే అది తగ్గి పొగ ముందుకొస్తుంది. వెన్న కాచేటప్పుడు గిన్నె అడుగున ఎర్రబడే గోదారి వాసన గుర్తుందా? మంచి పీపా వైన్‌లో కాల్చిన చెక్కా మడ్డీ కలిసినప్పుడు వచ్చేది దాదాపు అదే. తెలుగువాళ్ల ముక్కుకి "టోస్ట్" అనే మాటకన్నా ఇదే సరిగ్గా అందుతుంది.

బర్గండీ పీపా 228 లీటర్లది. కొత్తదాని మొదటి వాడకంలోనే చెక్క రుచి ఎక్కువగా దిగుతుంది. మూడు నాలుగు వాడకాలయ్యాక దాదాపు ఏమీ ఇవ్వదు, సన్నగా గాలి తగలనివ్వడం తప్ప. "12 నెలలు ఓక్‌లో" అని లేబుల్ మీద ఉంటే అసలు సంగతి చెప్పనట్టే, ఎంత శాతం కొత్త పీపాలో చెప్పాలి.

ఈ వాసనలు పట్టుబడకపోతే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఓక్ తగలని చవక తెల్ల వైన్ ఒకటి కొని, ఐదు గ్లాసుల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. ఒకదాన్ని అలాగే వదిలేయండి. రెండోదాంట్లో ఒక లవంగం వేసి పావుగంటకి తీసేయండి. మూడోదాంట్లో వెనిల్లా ఎసెన్స్ ఒకే ఒక చుక్క, రెండు పడితే గ్లాసు పాడైనట్టే. నాలుగోదాంట్లో దోరగా కాల్చిన చిన్న కొబ్బరి ముక్క. ఐదోదాంట్లో చెంచాడు చిక్కటి డికాక్షన్, పాలు లేని టీది, చెక్క వగరు ఎక్కడ పడుతుందో చిగుళ్లకి తెలియడానికి. వరసలు మార్చి, కళ్లు మూసుకుని గుర్తుపట్టండి.

నోట్లోకి చెంచాడు చాలు. ఎనిమిది పది సెకన్లు తిప్పి, కొంచెం గాలి పీల్చి, ఉమ్మేయండి. అసలు తీర్పు ఇక్కడినుంచి మొదలవుతుంది. ఉమ్మిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టండి, రుచి ఎంతసేపు నిలిచిందని మాత్రమే కాదు, చివరికి ఏది మిగిలిందని. పులుపూ పండూ మిగిలితే చెక్క తన పని తాను చేసుకుని పక్కకి తప్పుకున్నట్టు. పండు నాలుగైదు సెకన్లకే పోయి, చిగుళ్ల మీద పొడి వగరు, నాలుక వెనక చేదు మిగిలితే పండుకి మించిన చెక్క వేశారన్నమాట. "దాచిపెడితే సర్దుకుంటుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. పండు దండిగా, పులుపు గట్టిగా ఉంటే రెండు మూడేళ్లలో సర్దుకునే మాట నిజమే. పలచటి వైన్‌లో మాత్రం పండు ముందు పోతుంది, చెక్క ఆ తర్వాత కూడా కూర్చునే ఉంటుంది.

పీపా ఖర్చు భరించలేక ట్యాంకులోనే ఓక్ చెక్కముక్కలు వేసే పద్ధతీ ఉంది, యూరప్ కూడా 2006లో దానికి అనుమతిచ్చింది. రుచి చూసి కచ్చితంగా ఇదే అని తేల్చడం ఎవరివల్లా కాదు. అయినా వెనిల్లా ముక్కుకి పెద్దగా తగిలి, నోట్లో చిక్కదనం లేకుండా చప్పున ఆగిపోతే అనుమానించాల్సిందే.

దోషాల్లో ఈ వైన్‌కి ప్రత్యేకంగా తికమక పెట్టేవి రెండు. మొదటిది అగ్గిపుల్ల గీసిన వాసన. గాలి తక్కువ తగిలేలా చేసిన వైన్లలో కొద్దిగా ఉంటే బాగుంటుంది, బర్గండీలో కొందరు కావాలనే తెప్పిస్తారు. అదే కుళ్లిన గుడ్డు వాసన దాకా వెళితే దోషం. బాగా తోమిన రాగి చెంచా గ్లాసులో ముంచి తిప్పండి. వాసన తగ్గితే అది గంధకం తాలూకుదే (ఆ గ్లాసు పారబోయండి, తాగడానికి కాదు). మిగతా సీసాని జగ్గులోకి ఒంపి అరగంట గాలి తగలనివ్వండి.

రెండోది గాలికి చెడడం. మాగిన షార్డొనేలో వేయించిన జీడిపప్పు వాసన మామూలే, అందుకే చెడ్డదాన్ని కూడా "పీపా గుణం" అని సరిపెట్టుకుంటారు. జీడిపప్పు పక్కన పండు ఇంకా ఉందా లేదా చూడండి. కోసి వదిలేసిన యాపిల్ వాసన, ముదురు రంగు, నోట్లో నీరసం కలిసి ఉంటే అది పోయినట్టే. 1990ల నడుమ పండిన తెల్ల బర్గండీల నుంచి ఈ బెడద పెద్ద చర్చ అయింది, పేరున్న సీసాలు కూడా వయసు రాకుండానే ఇలా చెడ్డాయి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు దోషం, టీసీఏ అనే పదార్థం వల్ల వచ్చేది. గాలి తగిలేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది, దానికి విరుగుడు లేదు. అడుగున గాజు పెంకుల్లా మెరిసేవి మాత్రం టార్టరిక్ ఉప్పు పలుకులు, ఏ హానీ లేదు.

మొదటి రోజు అనిపించినవీ వేసిన మార్కులూ రాసిపెట్టుకుని, సగం సీసా బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు అదే గ్లాసులో, అదే చలిలో, నిన్నటి రాతలు చూడకుండా మళ్లీ రుచి చూసి, ఆ తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. మొదటి రోజు 'వెనిల్లా, అనాస' అని రాసినచోట రెండో రోజు వెనిల్లా ఒక్కటే మిగిలితే, మొదటి రోజు వేసిన మార్కులు తగ్గించాలి.