ప్రిపరేషన్‌లో కాన్ఫిడెన్స్ ఎలా కూడగట్టుకున్నాను

ఉద్యోగం చేస్తూనే పోటీ పరీక్షకు చదివి, రాత పరీక్ష, ఇంటర్వ్యూ రెండూ దాటాను. ఇప్పుడు చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అంత కాన్ఫిడెంట్‌గా ఎలా ఉన్నారు, టెన్షన్ రాలేదా?" వచ్చింది. పరీక్ష రోజున కూడా వచ్చింది, ఇంటర్వ్యూ గది బయట ఇంకా ఎక్కువే వచ్చింది. ఏ పుస్తకాలు చదవాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు కాబట్టి, నేను ఈ కాన్ఫిడెన్స్ సంగతే రాస్తాను.

"సిలబస్ మొత్తం అయ్యాక, కాస్త ధైర్యం వచ్చాక మాక్ టెస్టులు మొదలుపెడతాను" అని మనలో ఎంతోమంది అంటారు. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి రావాలి? ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీనికి నాలుగు దారులు చెప్పారు. మనం స్వయంగా చేసి సాధించినవి, మనలాంటివాళ్లు సాధించడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, మన శరీరం ఉన్న స్థితి. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనదని ఆయన మాట. అంటే టెస్టు రాయకుండా టెస్టు రాసే ధైర్యం రాదు. ఇది అర్థమైన రోజు నుంచి, సగం సిలబస్‌తోనే టెస్టులు రాయడం మొదలుపెట్టాను. చదివిన చాప్టర్ల నుంచి పది ప్రశ్నలైనా సరే, గడియారం పెట్టుకుని రాసేదాన్నే టెస్టు అనుకున్నాను.

ఇంకో ప్రమాదం ఉంది. నోట్సు నాలుగోసారి తిరగేస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. దాన్నే మనం కాన్ఫిడెన్స్ అనుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుతెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. నన్ను కదిలించింది ఈ అంకెలకన్నా ఇంకో విషయం: తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మింది పదేపదే చదివినవాళ్లే. పరీక్ష హాల్లో కుప్పకూలేది ఇలాంటి నమ్మకమే. ఎంతో కష్టపడి చదివిన మిత్రులు బయటికొచ్చి "అన్నీ తెలిసినవే, ఒక్కటీ గుర్తురాలేదు" అంటుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. లోపం వాళ్ల కష్టంలో లేదు.

అందుకే ప్రతి మాక్ టెస్టులో జవాబు పక్కనే ఒక గుర్తు పెట్టేవాణ్ణి. ఖాయంగా తెలిస్తే టిక్కు, రెండు ఆప్షన్ల మధ్య ఊగుతుంటే చిన్న గీత, ఊహించి పెడితే సున్నా. దిద్దుకునేటప్పుడు మొత్తం స్కోరు కంటే ముందు ఈ మూడు గుర్తులకూ విడివిడిగా లెక్క కట్టేవాణ్ణి. టిక్కు పెట్టినవి తప్పవుతుంటే ఆ సబ్జెక్టులో నాకున్నది ఒట్టి నమ్మకమేనని తెలిసేది. గీత పెట్టినవి ఎక్కువగా కరెక్టవుతుంటే అక్కడ నన్ను నేనే తక్కువ అంచనా వేసుకుంటున్నానని తెలిసేది. ఈ రెండో రకం సబ్జెక్టులు మీలో ప్రతి ఒక్కరికీ ఉంటాయని నా నమ్మకం. తెలిసీ వదిలేసే ప్రశ్నలు అక్కడే ఉంటాయి.

నెగెటివ్ మార్కుల భయం కూడా ఇలాగే లెక్కతో తగ్గింది. నాలుగు ఆప్షన్లుండి, తప్పుకు మూడో వంతు మార్కు కోసే పేపర్లో గుడ్డిగా పెట్టుకుంటూ పోతే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఒక్క ఆప్షన్ తప్పని కచ్చితంగా కొట్టేయగలిగితే లెక్క మనవైపు తిరుగుతుంది. ఇది ముందే కాగితం మీద వేసి చూసుకున్నవాళ్లకు హాల్లో చెయ్యి వణకదు.

ఇదంతా పుస్తకాల దగ్గరే ఆగిపోతే ఇంటర్వ్యూలో చిక్కొస్తుంది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పడం ఇంటర్వ్యూ కాల్ లెటర్ వచ్చాక నేర్చుకునేది కాదు. నేను ఆఫీసునే ప్రాక్టీసుకు వాడుకున్నాను. ప్రతి మీటింగులో ఒక్క ప్రశ్నైనా అడగాలని నియమం పెట్టుకున్నాను. మొదట్లో గొంతు పట్టేసేది, అందరూ నన్నే చూస్తున్నట్టుండేది. నిజానికి అంతగా ఎవరూ చూడరు. 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో, వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టుతో విద్యార్థులను గదిలోకి పంపారు. గదిలో సగం మంది దాన్ని గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు, గమనించింది దాదాపు నాలుగో వంతు మందే. కోచింగ్ క్లాసులో డౌటు అడగలేక ఇంటికి మోసుకుపోయేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి.

కాదు, కుదరదు అనడం కూడా సాధనే. చదువుకునే వేళకు అదనపు పని వస్తే "ఈ రోజు కుదరదండీ, రేపు ఉదయం చేసిస్తాను" అనేవాణ్ణి. బంధువులు రిజల్టు గురించి అడిగితే "ఇంకా చదువుతున్నానండీ, వస్తే నేనే చెప్తాను" అని ఊరుకునేవాణ్ణి. ఈ మాటలు ముందే సిద్ధంగా ఉండటం వల్ల ప్రతిసారీ సంజాయిషీ ఇచ్చుకునే బాధ తప్పింది.

మాక్ ఇంటర్వ్యూల్లో నేను ఎక్కువగా సాధన చేసింది "తెలియదండీ" అనడం. కళ్లు దించకుండా, నసగకుండా, సారీలు గుప్పించకుండా ఒక్కసారి చెప్పి ఆగిపోవాలి. ఫోన్లో రికార్డు చేసుకుని చూసుకోండి. తెలియని ప్రశ్న దగ్గర గొంతు ఎలా మారుతోందో మనకే వినిపిస్తుంది. తెలియదని నెమ్మదిగా చెప్పగలిగినవాళ్లు తర్వాతి ప్రశ్నకు తేరుకుని ఉంటారు, ఏదో ఒకటి అల్లి చెప్పినవాళ్లు పాత జవాబులోనే చిక్కుకుని ఉంటారు.

బండూరా చెప్పిన రెండో దారి, అంటే మనలాంటివాళ్లు సాధించడం చూడటం గురించి ఒక సలహా. మొదటి ర్యాంకుల వాళ్ల వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకోవాలనుకుంటే చాలాసార్లు ఉన్నది కూడా పోతుంది. ఎదుటివాళ్లు మనలాంటివాళ్లే అనిపించినప్పుడే వాళ్ల గెలుపు మనకు బలమిస్తుంది. మీలాగే ఉద్యోగంతోనో ఇంటి పనులతోనో నెట్టుకొస్తూ మీకన్నా ఒక్క మెట్టు ముందున్న మనిషితో మాట్లాడండి.

గుండె దడ విషయానికొస్తే, దాన్ని అణచాలని నేను ప్రయత్నించలేదు. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్లకంటే "నేను ఉత్సాహంగా ఉన్నాను" అనుకున్నవాళ్లు బాగా మాట్లాడారు. ఇంటర్వ్యూ గది బయట నేనూ ఇదే అనుకున్నాను. దడ తగ్గలేదు కానీ లోపలికి వెళ్లాక అది అడ్డు రాలేదు.

చివరి వారంలో నిద్ర తగ్గించుకుని చదవాలా అని అడుగుతున్నవాళ్లకు నా జవాబు: వద్దు. నిద్ర చాలని రోజు వచ్చిన జవాబు మీదే అనుమానం వస్తుంది, టిక్కు పెట్టాల్సిన చోట గీత పెడతాం. ఆ వారం కొత్త చాప్టర్లు పక్కన పెట్టి, పాత టెస్టుల్లో తప్పయిన టిక్కులు మాత్రం చూసుకుని పడుకోండి.