అమ్మమ్మ జానెడు, అమ్మాయి జానెడు

మా అమ్మాయి ఇక్కడ న్యూజెర్సీలో థర్డ్ గ్రేడ్. పోయిన చలికాలమంతా లెక్కలంటే ఏడుపే. గుంటూరులో మా నాన్న నాకు నేర్పినట్టే, పొద్దున్నే కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకునేదాన్ని. ఏడో ఎక్కం దగ్గర గొంతు పూడుకుపోయేది. "ఇవన్నీ ఎందుకమ్మా?" అని అడిగితే "రావాలి కాబట్టి" అనేదాన్ని.

ఏప్రిల్‌లో వాళ్ళ టీచర్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. 24 అడుగుల కంచెతో కూరగాయల మడి గీయాలి, ఎందుకలా గీశారో క్లాసులో చెప్పాలి. గడువు మూడు వారాలు. చుట్టుకొలత, వైశాల్యం నేను సూత్రాలుగా బట్టీ పట్టినవే. ఇది మాత్రం గళ్ళ కాగితం తీసుకుని 10 పొడవు, 2 వెడల్పు గీసి, గళ్ళు లెక్కపెట్టింది. 20. తర్వాత 8, 4 గీస్తే 32. "అమ్మా, కంచె అంతే కదా, చోటెలా పెరిగింది?" అంటూ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. జవాబు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అడుగుకి అంగుళం లెక్కన 24 అంగుళాల దారం కత్తిరించి, కొసలు ముడేసి చేతికిచ్చాను. నేలమీద లాగి, సర్ది, లాగి, చివరికి 6, 6 దగ్గర ఆగింది. 36.

అందులో గోంగూరే వేస్తానంది. మొక్కకీ మొక్కకీ ఎడమెంతని వాట్సాప్‌లో అమ్మమ్మని అడిగితే, "జానెడు చాలమ్మా" అంది. దీని జానెడు స్కేలు మీద 5 అంగుళాలే. "నీ జానెడా, నా జానెడా అమ్మమ్మా?" అమ్మ నవ్వి, తన చెయ్యి స్కేలు మీద పరిచి చూపించింది. 8 అంగుళాలు. ఆరడుగులంటే 72 అంగుళాలు, అందులో ఎనిమిదులెన్ని? అమ్మ పాటలాగా అందుకుంది: "ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు." వరసకి 9 మొక్కలు, అలాంటి వరసలు 9. ఆ రాత్రి తొమ్మిదో ఎక్కం చెప్పమని తనే నా దగ్గరికొచ్చింది.

ప్రాజెక్ట్ ఉంటే ఎక్కాలు అక్కర్లేదని నేననను. ఇప్పటికీ రోజూ పది నిమిషాలు చెప్పించుకుంటాను. కాకపోతే ఎందుకో తెలిశాక నేర్చుకునే పిల్లని చూశాను కాబట్టి, ముందు ఆ "ఎందుకు" చూపించాలని గట్టిగా నమ్ముతున్నాను.

నిన్న సాయంత్రం మళ్ళీ దారం తీసింది. "అమ్మా, మడిని గ్యారేజ్ గోడకి ఆనిస్తే మూడు వైపులే కంచె చాలు కదా? అప్పుడెంత చోటొస్తుంది?" ఇంకా గీస్తూనే ఉంది.