మూడోసారి చూసుకున్న కేస్ షీట్

సైకియాట్రీ పీజీ రెండో సంవత్సరంలో ఒకరోజు రాత్రి పదకొండున్నరకి హాస్టల్ నుంచి మళ్లీ వార్డుకి నడిచి వెళ్లాను. ఆ సాయంత్రం ఒకతనికి లిథియం మొదలుపెట్టాను. మూడ్‌ని అదుపులో ఉంచే మందు, మోతాదు ఎక్కువైతే విషమవుతుంది. 300 మిల్లీగ్రాములు, రెండు పూటలా. సరిగ్గానే రాశానని తెలుసు. అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి నైట్ డ్యూటీ సిస్టర్ చేత చదివించుకున్నాను. అయినా నా కళ్లతో చూసుకుంటే తప్ప ఊపిరాడలేదు. సిస్టర్ కేస్ షీట్ తెరిచి నా ముందు పెట్టి, కాసేపు నా మొహం చూసి, "అన్నం తిన్నారా మేడమ్?" అని అడిగింది. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చింది.

అదంతా జాగ్రత్త అనుకున్నాను. సీటు ఏదో అదృష్టం కొద్దీ వచ్చిందని, రౌండ్స్‌లో చీఫ్ అడిగే ఏదో ఒక ప్రశ్నకి నా బండారం బయటపడుతుందని రోజూ టెన్షనే. పేషెంట్ కోలుకుంటే మందు గొప్పతనం, కోలుకోకపోతే నా చేతగానితనం. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికన్ సైకాలజిస్టులు ఈ మనఃస్థితికి 'ఇంపోస్టర్ ఫినామినన్' అని పేరు పెట్టారు. దాని మీద నేను సెమినార్ కూడా చెప్పాను. చెబుతున్నది నా గురించేనని తట్టలేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టింది మాత్రం వేరే. ఓపీలో ఒక తల్లి కొడుకు గురించి చెబుతూ ఏడుస్తోంది. నాకు జాలి వెయ్యలేదు. ఆమె వెనకున్న లైను చూస్తున్నాను. నేను ఈ బ్రాంచి తీసుకున్నదే అలాంటి తల్లుల మాట వినడానికి.

ఇలా పని ఒత్తిడితో లోపలంతా ఖాళీ అయిపోవడాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా లెక్కించదు, పని వల్ల వచ్చే స్థితి అంటుంది. నాది అప్పటికే అది దాటి డిప్రెషన్‌లోకి వెళ్లింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఒకరోజు, ఇక నిద్ర లేవకపోతే బాగుండనిపించింది. పేషెంట్లకి రోజూ రాసిచ్చే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఆ పూట నేనే ఫోన్ చేశాను. అవతల ఆవిడ తెలుగులో, తొందరపెట్టకుండా మాట్లాడింది. ఆ వారమే వేరే ఊళ్లో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను.

డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాశారు, ఐదు వారాలు సెలవు పెట్టించారు. "డాక్టర్‌వి, నీకిదేంటే తల్లీ?" అంది అమ్మ. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు, రోజూ టిఫిన్ పెట్టి మాత్ర చేతికిచ్చేది. పదో రోజుకి వికారం తప్ప మార్పేమీ లేదు, మానేద్దామనుకున్నాను. "గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, మధ్యలో ఆపకండి" అని ఎంతమందికి చెప్పానో! ఆ వారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో అప్పుడే తెలిసింది. నాలుగో వారంలో ఒకరోజు అమ్మ చేసిన పప్పుచారు రుచి తెలిసింది, ఇంకాస్త వడ్డించమన్నాను.

తప్పంతా నా మనసుదే అంటే ఒప్పుకోను. రెసిడెంట్ల, అంటే నాలాంటి పీజీ డాక్టర్ల డ్యూటీ ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని 1992 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. నేను 36 గంటలు చేసిన రోజులు ఎన్నో. స్టాఫ్‌కి యోగా క్లాసులు పెడితే నిద్ర తిరిగి రాదు. డ్యూటీకి ఇంకో మనిషిని వెయ్యాలి.

ఇప్పటికీ ఆ మందు వాడుతున్నాను. ఎప్పుడు తగ్గించాలో నన్ను చూసే డాక్టరే చెబుతారు, నేను లెక్కలు వెయ్యడం మానేశాను. మొన్న మళ్లీ ఒకరికి లిథియం మొదలుపెట్టాను. రాత్రి వార్డుకి ఒక్కసారి ఫోన్ చేశాను. నడిచి మాత్రం వెళ్లలేదు.