ఫారం 6 నుంచి ఊదారంగు పెన్ను దాకా

సావనీరుకి వ్యాసం అడిగితే వేపచెట్టు కింద బెంచీల గురించీ క్యాంటీన్ సమోసాల గురించీ రాసేవాళ్లు ఎటూ ఉంటారు. కాలేజీ మనకు నేర్పకుండా వదిలేసిన పని ఒకటుంది, ఓటు. దాని సంగతి చూద్దాం.

ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 1989లో. అప్పటినుంచీ డిగ్రీ ఫస్టియర్ పిల్లలే కొత్త ఓటర్లు. ఏటా జనవరి 25న ఓటర్ల దినోత్సవమని వాళ్లను ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటో దిగుతారు. ఆ అరగంటలో కొత్త ఓటు నమోదుకిచ్చే ఫారం 6 నింపించేయొచ్చు. 17 నిండితే చాలు, ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల 1వ తేదీలు 18 నిండాయో లేదో చూసే అర్హత తేదీలు.

చిక్కంతా హాస్టల్ పిల్లలతోనే. ఊళ్లో ఓటున్నవాళ్లు హాస్టల్ అడ్రసుతో మళ్లీ ఫారం 6 పెడతారు. పెట్టాల్సింది అడ్రసు మార్పుకిచ్చే ఫారం 8. లేకపోతే పేరు రెండుచోట్లా పడుతుంది. బూత్ లెవెల్ ఆఫీసరు విచారణకు వచ్చేసరికి సెలవులిచ్చి గదికి తాళం పడిందంటే దరఖాస్తు తిరస్కరణకే పోతుంది. ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్ జతచేసి, పరీక్షలకు ముందే ఇచ్చేయడం మేలు.

డిగ్రీ అయ్యాక ఇంకో ఓటు వస్తుంది. శాసనమండలిలో తెలంగాణకు 3, ఆంధ్రప్రదేశ్‌కు 5 పట్టభద్రుల స్థానాలున్నాయి. నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తై మూడేళ్లు నిండాలి. ఫారం 18తో పాటు అటెస్ట్ చేసిన డిగ్రీ నకలు ఇవ్వాలి. ఈ జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. పోయినసారి వేశాం కదా అని ధీమాగా వెళ్లినవాళ్లు పోలింగ్ కేంద్రం నుంచి ఉత్తచేతులతో తిరిగొస్తారు.

అసలు తమాషా ఏమిటంటే, చెల్లని ఓట్లు వేలల్లో పడేది పట్టభద్రుల ఎన్నికలోనే! ఈవీఎం ఉండదు, కాగితం మీద పార్టీ గుర్తూ ఉండదు. అక్కడిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే, నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా 1 అంకె వేయాలి. తర్వాత నచ్చినవాళ్లకు 2, 3 వేయడం మన ఇష్టం. టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, ఇద్దరికి 1 వేసినా, జేబులో పెన్ను తీసినా, కింద సంతకం పెట్టినా ఓటు చెల్లదు. సంతకం మరీ విచిత్రం. ఏ కాగితమైనా సంతకం చేశాకే ఇవ్వాలని పదిహేనేళ్లు నేర్పింది బడే మరి.

దీనికి ఉపన్యాసాలు పనికిరావు, క్లాసులో ఉత్తుత్తి ఎన్నిక ఒకటి పెట్టాలి. 40 కాగితాలు, ఐదుగురు ఉత్తుత్తి అభ్యర్థులు, ఒక ఊదా పెన్ను చాలు. 3 చెల్లకపోతే మిగిలేవి 37. అందులో సగం 18.5, అరను వదిలి ఒకటి కలిపితే గెలుపు కోటా 19. ఎవరికీ అన్ని రాకపోతే అట్టడుగువాణ్ణి తప్పించి, అతని కాగితాల్లో 2 ఎవరికుందో చూసి పంచాలి. 1 వేసి ఊరుకున్న కాగితాలు ఇక్కడ పక్కకు పోతాయి. మొత్తం లెక్కింపు కెమిస్ట్రీ ప్రాక్టికల్‌కిచ్చే రెండు పీరియడ్లలో అయిపోతుంది.