విలేకరుల పాడ్‌కాస్ట్‌కు ఏడాది

విలేకరులు తాము రాసిన వార్తను ఎలా సేకరించారో వారి నోటనే చెప్పించాలని విజయవాడలో మేము మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్‌కు ఏడాది నిండింది. 1948లో ఆకాశవాణి కేంద్రం, 1960లో ఆంధ్రజ్యోతి పుట్టిన ఊరిది. ఇక్కడ వార్తలకు ఏనాడూ కొదవ లేదు. వాటిని మోసుకొచ్చే మనిషి గొంతు మాత్రం బయటి వారికి వినిపించిన సందర్భాలు తక్కువ.

నేను చాలాకాలం డెస్కులో పనిచేసినదాన్ని. విలేకరి పంపిన కాపీలోని తడబాటును చెరిపి, తేల్చిచెప్పే వాక్యంగా దిద్దడం అక్కడ మా వృత్తిధర్మం. అచ్చులో చోటు తక్కువ కాబట్టి అది తప్పనిసరి కూడా. కానీ మైకు ముందు కూర్చున్న విలేకరి ఏ విషయం తనకు రూఢిగా తెలుసు, ఏది విని రాశాడు, ఎక్కడ ఆగిపోయాడు అన్నది విడమరచి చెబుతుంటే, మేము ఇన్నేళ్లూ కత్తిరించిన భాగంలోనే అసలు పనితనం ఉందని నాకు అనిపించింది.

2024 సెప్టెంబరు వరదల మీద చేసిన భాగమే తీసుకుంటే, అప్పట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచినది మాత్రం బుడమేరు వాగు. ఫోను చేసిన వారిలో చాలామంది కృష్ణ నీళ్లే వచ్చాయని చెబుతుంటే, ఎగువన బుడమేరుకు గండ్లు పడ్డాయని నిర్ధారించుకోవడానికి ఎవరెవరిని అడగవలసి వచ్చిందో ఒక విలేకరి వరుసగా చెప్పుకొచ్చారు. ఆ వరుస ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది గుంటూరు మిర్చి యార్డులో రికార్డు చేసిన భాగం. సీజన్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో వెళ్లాము. టిక్కీల (మిర్చి బస్తాల) వరుసల మధ్య ఘాటుకు మాట పెగలక, అక్కడి విలేకరి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే మాట్లాడారు. దగ్గులన్నీ తీసేద్దామని ఎడిటింగ్ చేసే కుర్రవాడు పట్టుబట్టాడు. రెండు ఉంచమన్నాను, ఎందుకంటే అవి లేకపోతే అది యార్డు కాదు. ఆయన చెప్పిన సంగతి ఇది: పత్రికల్లో శీర్షికకెక్కేది గరిష్ఠ ధర, అది ఏ కొద్ది లాట్లకో పలికిన ధర. దాన్ని చదివి సరుకు తెచ్చిన రైతుకు తేమ పేరుతోనో, తాలు కాయల పేరుతోనో కోత పడుతుంది. అందుకే ఆయన రైతునూ కమీషన్ వ్యాపారినీ అడిగిన తరువాత హమాలీలను కూడా అడుగుతారట. రోజంతా కొట్టు కొట్టుకూ తిరిగి బస్తాలు మోసేవారికి ఎక్కడ ఎంత పలికిందో తెలుస్తుంది, దాచవలసిన అవసరమూ వారికి ఉండదు. జర్నలిజం పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఉంటే బాగుండును.

సాంకేతికమైన కష్టాలు చెప్పుకోదగినవి కావు. గది గోడలకు బొంతలు కట్టి, రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో ఫ్యాను ఆపి రికార్డు చేశాము. అంతకు మించి ఏమీ లేదు. అసలు చిక్కు కంట్రిబ్యూటర్లతో వచ్చింది. మండలాల్లో పనిచేసే వీరిలో చాలామందికి జీతం ఉండదు, అచ్చయిన వార్త నిడివిని బట్టి లైన్ అకౌంటు పేరిట డబ్బు ముడుతుంది, పైగా ప్రకటనలు తేవలసిన భారం కూడా వారిదే. చెప్పడానికి వారి దగ్గర ఎన్నో ఉన్నా, గొంతు గుర్తుపడితే ఉన్న గుర్తింపు కార్డు కూడా పోతుందన్న భయం వెంటాడుతుంది. ఒకరు చక్కగా రికార్డు చేసి ఇచ్చి, మరునాడు ఫోను చేసి, తమ యాజమాన్యం ఒప్పుకోలేదు, ఆపేయమని కోరారు. ఆపేశాము. గొంతు మార్చి ప్రసారం చేయవచ్చని సలహా ఇచ్చినవారున్నారు గానీ, ఆ మండలంలో ఆ సంగతి తెలిసిన విలేకరి ఆయన ఒక్కరే అయినప్పుడు గొంతు మార్చి ప్రయోజనమేమిటి?

రెండో ఏడాదిలో కంట్రిబ్యూటర్లను మరింతగా పిలవాలనీ, ప్రసారానికి ముందు పూర్తి రికార్డింగును వారికి వినిపించి అనుమతి తీసుకోవాలనీ నిర్ణయించాము. వారికి పారితోషికం కూడా ఇస్తాము. మొత్తం చిన్నదే గానీ, దాన్ని ప్రసారమైన నిమిషాలను బట్టి కాక, వారు వచ్చి మాతో కూర్చున్న గంటలను బట్టి లెక్కకడతాము.